రూతమ్మ కళ్ళ కోసం ఆదిలాబాద్‌కు

ఇది ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. నేను తీసిన ఫొటోల్లో ఏది బాగుందో ఎంచేది నేను కాదు, బస్సులో నా పక్క సీటామె. మా స్టూడియో శంకరన్న మాత్రం ఆ పని నా ఫోన్లోని యాప్ చేస్తుందనుకుంటున్నాడు. యాప్ ఉన్న మాట నిజమే. ఫొటో చూపిస్తే "ఇద్దరు మనుషులు, ఆరుబయట" అంటుంది. అంతమాత్రం నాకూ తెలుసు.

మూడేళ్ళ కింద కంటి నరాలు దెబ్బతిని నా చూపు పోయింది. అంతకుముందు నాలుగేళ్ళు కరీంనగర్‌లో ఇదే స్టూడియో తరఫున పెళ్ళిళ్ళు తీశాను. చూపు పోయాక కెమెరా వదలలేదు కానీ, ఏ ఫొటో చూపించినా మా అమ్మా బాపూ "బాగుంది" అనే అన్నారు. ముక్కూ మొహం తెలియని వాళ్ళకైతే నన్ను సంతోషపెట్టాల్సిన అవసరం లేదు. చూపున్న రోజుల్లో పక్కవాళ్ళను టైమెంతని అడగడానికి కూడా సిగ్గుపడేదాన్ని. సిగ్గు ఇప్పుడూ అంతే ఉంది, అడగక తప్పదు, అంతే.

ఈసారి పని ఆదిలాబాద్ దగ్గరి ఒక పల్లెలో. పౌలయ్య, రూతమ్మల పెళ్ళయి యాభై ఏళ్ళు. ఆదివారం చర్చిలో కృతజ్ఞత ప్రార్థన, ఆ రోజుకు ఇద్దరి ఫొటో గోడకు ఎక్కాలి, అందుకని శనివారం రాత్రికే కరీంనగర్‌లో ప్రింటు తీసి బస్సులో పంపాలి. చిక్కేమిటంటే, ఈ యాభై ఏళ్ళలో ఏ ఫొటోలోనూ రూతమ్మ కళ్ళు తెరిచి లేవు. అక్కడి ఫొటోగ్రాఫర్లు ఇద్దరు ప్రయత్నించి చేతులెత్తేశారట.

"నువ్వు పోతవా?" అన్నాడు శంకరన్న, సగం ఎగతాళిగా.

"పోత."

"గిది కుదిరితే బయటి పనులు మళ్ళ నీకే. కుదరకపోతే కౌంటర్ల కూసొని ఫోన్లు ఎత్తాలె. మళ్ళ కెమెర ముచ్చట తియ్యద్దు."

శుక్రవారం పొద్దున ఆరింటికి బస్సెక్కాను. ఒక చేతిలో తెల్లకర్ర, మెడలో కెమెరా.

"కెమెర ఎవలిదమ్మా?" అన్నాడు కండక్టర్.

"నాదే."

"ఫొటోలు ఎవలు దింపుతరు?"

"నేనే."

"ఆధార్ ఉన్నదా?" అన్నాడు. ఇంకేం అడగాలో తోచనట్టుంది. ఆధార్ చూపించి ఆడవాళ్ళకు ఊరికే ఇచ్చే జీరో టికెట్ తీసుకున్నాను.

ఏడుంపావుకు జగిత్యాల. అక్కడి నుంచి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఒక నవల చదివాను. పుస్తకాలు ఇప్పుడు చెవులతోనే చదువుతున్నాను. సోన్ దగ్గర వంతెన దాటేటప్పుడు చక్రాల చప్పుడు మారింది, కిటికీ అద్దాలు ఒక్కొక్కటీ జరిగాయి, ఎవరో చిల్లర విసిరారు. గోదావరి అని ఎవరూ చెప్పనక్కర్లేదు. పదింటికి నిర్మల్‌లో చాయ్, నాలుగు మిర్చిబజ్జీలు. ఘాట్ మలుపుల్లో బజ్జీలు కాస్త ఇబ్బంది పెట్టాయి. ఈ దారిన వచ్చేవాళ్ళు రెండింటితో ఆపడం మంచిది. పన్నెండున్నరకు ఆదిలాబాద్, అక్కడి నుంచి ముప్ఫై రూపాయలకు షేర్ ఆటో.

పౌలయ్య వాకిట్లోనే ఎదురొచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. నాకు చూపు లేదని శంకరన్న ముందే చెప్పాడు. రూతమ్మ మాత్రం మొగుడి మీద విరుచుకుపడింది.

"నా కండ్లు తెరిపియ్యనీకె కండ్లు లేని పిల్లను పిలిచినవా? నీకేమన్న అకల్ ఉన్నదా, తెలివున్నదా?"

"కండ్లున్నోళ్ళు వచ్చి ఏం పీకిండ్రే? జర సూడు" అన్నాడాయన.

ఆమె మాట నాకు నొప్పి కలిగించలేదు. ఇంత సూటిగా మాట్లాడే మనిషి దొరికి చాలా రోజులైంది. ఆ రాత్రికి వాళ్ళింట్లోనే జొన్నరొట్టె, పప్పు, పడక.

శనివారం ఏడున్నరకు ఎండ నా కుడి చెంపకు తగిలేలా నిలబడ్డాను. నా పద్ధతి ఇది: ఐదు మూరల తాడు ఒక కొస నా నడుముకు, రెండో కొస ఫొటో దిగేవాళ్ళ చేతిలో. ఆ దూరానికి లెన్స్ ముందే సరిచేసి ఉంటుంది. మాట వచ్చే ఎత్తును బట్టి మొహం ఎక్కడుందో తెలుస్తుంది. కెమెరా కంటికి కాదు, రొమ్ముకు ఆనించి పట్టుకుంటాను.

"రెడీ. వన్, టూ, త్రీ." నొక్కాను. "ఎట్లున్నది తాతా?"

ఆయన దగ్గరికొచ్చి తెర చూశాడు. "మస్తుగున్నది బిడ్డా!"

సంతోషంగా లెన్స్ తుడవబోతే వేలికి మూత తగిలింది. మూత తీయకుండానే తీశాను.

"తాతా, ఏం కనబడ్డది నీకు?"

"నల్లగ కొడుతుండె గని..." అని నీళ్ళు నమిలాడు. "నీ మనసు ఎందుకు నొప్పియ్యాలె అని."

రూతమ్మ పడీ పడీ నవ్వింది, నేనూ నవ్వాను. కానీ రూతమ్మకు చిన్న తెర మీది బొమ్మ ఆనదట. ఇక ఈ వాకిట్లో కళ్ళ సంగతి నిజం చెప్పేవాళ్ళు లేరు.

ఇంకో నాలుగు తీశాను. "వన్" అనగానే రూతమ్మ ఊపిరి ఆగిపోతోంది, గాజులు కదలడం లేదు. "త్రీ" తర్వాతే ఊపిరి వదులుతోంది. అంటే లెక్క మొదలవగానే ఆమె బిగుసుకుపోతోంది. కళ్ళు మూతపడేది అందుకేనేమో. యాభై ఏళ్ళుగా అందరూ ఆమెకు అంకెలు లెక్కపెడుతూనే ఉన్నారు.

లెక్క మానేసి ఊరికే నిలబడ్డాను. ఏం మాట్లాడాలో తెలియలేదు. పొద్దున తిన్న రొట్టె, కారం గుర్తొచ్చాయి. మూతికి ఏమైనా అంటితే అది కూడా నాకు ఎవరూ చెప్పరు, ఇంటికెళ్ళాక మా అమ్మ కొంగుతో తుడిచేదాకా తెలియదు.

"అవ్వా, నా మూతికి కారం అంటిందా? నిజం చెప్పు."

"ఆగు, చూడనీ." గాజులు గలగలమన్నాయి. "అంటింది బిడ్డా. ఎడమ చెంపకు, గింత..."

ఆ మాట మధ్యలో నొక్కాను.

పదిన్నరకు ఆదిలాబాద్‌లో బస్సు. నిర్మల్‌లో ఒకామె పక్కన కూర్చుంది, బట్టల్లో బీడీ తంబాకు వాసన. మెట్‌పల్లిలో బిడ్డ దగ్గరికి పోతోందట. ఫొటోలు చూడమని అడుగుదామనుకుంటూనే ఆర్మూర్ దాటించాను. డైరీలో రాసుకుందామని ఫోన్ తీసి, "అడగలేదు" అని ఒక్క మాట కొట్టి, సిగ్గేసి చెరిపేశాను. మెట్‌పల్లి దగ్గర పడ్డాక కెమెరా ఆమె ఒళ్ళో పెట్టాను.

"అమ్మా, జర గీ ఫొటోలు చూసి చెప్తవా? ముసలవ్వ కండ్లు ఎట్లున్నయి?"

"నువ్వే దింపినవా?"

"నేనే."

ఆమె ఎందుకు, ఎట్లా అని అడగలేదు. బటన్ చూపిస్తే నొక్కుకుంటూ పోయింది. "గిది నల్లగున్నది. గీడ మూసింది. గీడ మూసింది. గిది ముసలాయన మంచిగున్నడు, ఆమె మూసింది. గీడ గుడ మూసింది."

నేను వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. ఇంకొక్కటే ఉంది. రెండు రోజులు నాకు చెయ్యి అందించిన వాళ్ళందరూ మంచివాళ్ళే. అయినా ఈ దారంతా నేను వెతికింది ఈ గొంతునే, "మూసింది" అని మొహమాటం లేకుండా చెప్పే గొంతును. చివరిది కూడా మూసే ఉంటే సోమవారం నుంచి కౌంటరే.

బస్సు ఆగింది. "మెట్‌పల్లి, మెట్‌పల్లి" అని కేక. ఆమె లేచింది, సంచి నా మోకాలికి తగిలింది, అయినా బటన్ నొక్కిన చప్పుడు వినిపించింది. తర్వాత కెమెరా నా చేతుల్లో పెట్టి, దిగబోతూ అంది:

"కండ్లా? ఇంతింత తెరిచింది. గని ఫొటోకు చూస్తలేదు బిడ్డా, జర మీదికి, నీ మొకంలకే చూస్తున్నది."