అర్థం కాలేదంటే బాగోదు కదండీ

మా కాలేజీలో ఏ క్లాసు చూసినా చివర ఒకటే ప్రశ్న, ఒకటే జవాబు. మేం "అర్థమైందా?" అంటాం. పిల్లలు "అర్థమైందండీ" అంటారు. ఆ "అండీ" దగ్గర గొంతులన్నీ కలిసి చిన్న రాగం తీస్తాయి, దాంతో పీరియడ్ అయిపోతుంది. నేను సివిల్ బ్రాంచిలో స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్ చెప్తాను. దూలం మీద బరువు పెడితే ఎంత వంగుతుంది, ఎక్కడ విరుగుతుంది అనే గొడవ అది. ఉద్యోగంలో చేరిన నాటినుంచి ఆ రాగం వింటూనే ఉన్నాను, ఏటా సగం మంది నా పేపర్లో తప్పుతూనే ఉన్నారు. ఈ రెండిటికీ ఏదైనా సంబంధం ఉందేమోనని నాకెప్పుడూ తోచలేదు. పిల్లలు ఫోన్లు పట్టుకుని చెడిపోతున్నారని తిట్టుకునేదాన్ని.

అసలు మా వైపు అది ప్రశ్నే కాదు. పెళ్ళి భోజనాల్లో ఆడపెళ్ళివారు వచ్చి "వంటలెలా ఉన్నాయండీ?" అని అడిగితే, పప్పులో ఉప్పు లేకపోయినా "అద్భుతమండీ" అంటాం. ఉప్పు లేదన్నవాణ్ణి మళ్ళీ పెళ్ళికి పిలవరు. టీచరు గొంతు చించుకుని చెప్పాక అర్థం కాలేదనడం కూడా మాకు అలాంటిదే.

మా కాలేజీ రాజమండ్రి దాటాక వరిచేల మధ్య, పంటకాలవ పక్కన ఉంటుంది. నేను కొవ్వూరు నుంచి రోజూ వంతెన దాటి వస్తాను. మా ఛైర్మన్ గారికి రైసు మిల్లులున్నాయి. "ఎక్స్‌పోర్ట్ క్వాలిటీ" అనే మాట ఆయన నోట ముందు బియ్యం గురించి వచ్చేది, తర్వాత మా గురించి రావడం మొదలైంది. ఒక ఏడు గేటు మీద "గ్లోబల్ క్యాంపస్" అని బోర్డు లేచింది. దాని పక్కన వరసగా జెండాలు కట్టారు. వాటిలో ఒకటి తలకిందులుగా ఉందని ఆ దేశం పిల్లలే వచ్చి చెప్పారు. నేపాల్ నుంచి, సూడాన్ నుంచి, టాంజానియా నుంచి పిల్లలొచ్చారు. బొట్టు పెట్టి, చేతికి కొబ్బరిబోండాం ఇచ్చి లోపలికి తీసుకెళ్ళాం. "ఇకనుంచి క్లాసులో ఇంగ్లీషు తప్ప ఇంకో భాష వినపడకూడదండీ" అని ప్రిన్సిపాల్ గారు మాకు మీటింగు పెట్టి, పూర్తిగా తెలుగులో చెప్పారు.

మాకు ఇంగ్లీషు రాదని కాదు. మేం ఇంగ్లీషులోనే చెప్తాం. "సో, లోడ్ ఇక్కడ యాక్ట్ అవుద్ది, బీమ్ ఇలా బెండ్ అవుద్ది" అంటాం. అందులో "అవుద్ది" తీసెయ్యమంటే ప్రాణం మీదికొచ్చింది. వారం రోజులు వంటింట్లో కూర కలుపుతూ ఇంగ్లీషులో పాఠం చెప్పుకున్నాను. మా అత్తగారు నాకు గాలి సోకిందేమోనని మావారిని పక్కకి పిలిచి అడిగారట.

నా క్లాసులోకి టాంజానియా అమ్మాయి ఒకతే వచ్చింది. పొడుగ్గా ఉంటుంది, జుట్టంతా సన్నటి జడలల్లుకుని మొదటి బెంచీలో కూర్చుంటుంది. మిగతా పిల్లలకన్నా ఒకటి రెండేళ్ళు పెద్దది కావడంతో, వచ్చిన కొన్నాళ్ళకే క్లాసుకంతటికీ "అక్క" అయిపోయింది. ఒక రోజు దూలం మీద బరువు మధ్యలో పెడితే వంపు ఎలా వస్తుందో చెప్పాను. మంచి ఇంగ్లీషులో చెప్పాను. చివర "అండర్‌స్టుడ్?" అన్నాను. "యెస్ మేడమ్" అని క్లాసు రాగం తీసింది. ఆ రాగం ఆగాక ఒక్క గొంతు, "నో మేడమ్" అంది.

మళ్ళీ మొదట్నుంచీ చెప్పాను. "నో మేడమ్." గంట కొట్టారు. డస్టరు తీసుకుని వరండాలోకి వచ్చాను. ఆ అమ్మాయి నా వెనకే వచ్చింది. తన ఇంగ్లీషు నిదానంగా, శుభ్రంగా ఉంటుంది. "మేడమ్, నేను ఈ సబ్జెక్టు తప్పితే మా దేశం వాళ్ళిచ్చే స్కాలర్‌షిప్ ఆగిపోతుంది. ఇంటికి వెళ్ళిపోవాలి. కాబట్టి నాకు అర్థం కాకుండా మీరు ముందుకి వెళ్ళకూడదు" అంది. బతిమాలుతున్నట్టు లేదు. నా పనేమిటో నాకు గుర్తుచేస్తున్నట్టుంది.

ఇంటికొచ్చి గిన్నెలు ఎత్తి పడేశాను. మావారికి కొవ్వూరులో సిమెంటు, ఇనుము షాపుంది. ఆయన అంతా విని, "ఆ పిల్ల తప్పేముంది? నువ్వడిగావు, అది చెప్పింది" అన్నారు.

"మీరూరుకోండి. అందరికీ అర్థమైంది. ఆ పిల్లకే కాలేదు" అన్నాను.

కాలేజీలో నా బాధ విని లెక్కల సారు నవ్వారు. పెద్దాయన. మా స్టాఫ్‌రూమ్‌లో అందరికన్నా సీనియరు. "అడగడం వరకూ బానే ఉందండీ మేడమ్. జవాబు దాకా ఆగకూడదు. అర్థమైందా అంటూనే డస్టరు తీసుకుని గుమ్మం దాటెయ్యాలి. నా ఇరవయ్యేళ్ళ సర్వీసులో ఒక్కడంటే ఒక్కడు అర్థం కాలేదనలేదు" అన్నారు.

నేను ఆగాను. ఆగడం వల్ల రోజూ "నో మేడమ్" విన్నాను. సిలబస్ గోదారి పడవలా ఇసకలంకకి తగులుకుని కదలనంది. హెచ్ఓడీ గారు రెండుసార్లు కబురు పెట్టారు. కోపంతో నా ముక్కు ఎర్రబడిపోయేదని పిల్లలు చెప్పుకునేవారట. తర్వాత ఒక రోజు, దసరా సెలవులకి కొంచెం ముందు, అలవాటుగా "అండర్‌స్టుడ్?" అని బిక్కుబిక్కుమంటూ చూస్తుంటే, ఆ అమ్మాయి నిలబడి, నవ్వుతూ, తెలుగులో, "అర్థమైందండీ" అంది. ఆ "అండీ" దగ్గర రాగం కూడా తీసింది. రావులపాలెంలో పుట్టిన పిల్ల కూడా అంత బాగా తియ్యదు. క్లాసంతా చప్పట్లు కొట్టింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగినంత పనైంది. ఆ సాయంత్రం మావారికి సొంత డబ్బా కొట్టుకుంటూ పెసరట్లు వేసిపెట్టాను. సిలబస్ కూడా పరుగెత్తింది.

మిడ్ పరీక్ష పేపర్లు దిద్దుతుంటే ఆ అమ్మాయి పేపరొచ్చింది. పైన రోల్ నంబరు ముత్యాల్లాంటి అక్షరాలతో ఉంది. కింద ఒక అడ్డగీత, గీతకి రెండు చివర్లా ఒక్కో త్రిభుజం. మేం దూలాన్ని అలాగే గీస్తాం. అంతే, ఆ తర్వాత పేపరంతా తెల్లగా ఉంది.

పిలిపించాను. "అర్థమైందన్నావు కదమ్మా! ఎందుకన్నావు?" అని గట్టిగానే అడిగాను.

ఆ అమ్మాయి ఆశ్చర్యపోయింది. "అది జవాబు కాదు, నమస్కారం లాంటిది అని క్లాసువాళ్ళు చెప్పారు మేడమ్. టీచరు అది అడిగితే మర్యాదగా ఇలా అనాలన్నారు. తప్పుగా పలికానా?"

క్లాసు రెప్రజెంటేటివ్‌ని పిలిచాను. రావులపాలెం కుర్రాడు. వాళ్ళ నాన్నది అరటి వ్యాపారం. వాడు ఏ మాత్రం జంకకుండా ఛాతీ విరుచుకుని, "మేమే నేర్పించామండీ. రోజూ హాస్టల్ మెస్సులో ప్రాక్టీసు చేయించామండీ. పాపం, అక్క మీ చేత తిట్లు తింటుందేమోనని భయమేసిందండీ" అన్నాడు. ఊరూ భాషా తెలియని పిల్లకి మా వాళ్ళు ప్రేమగా నేర్పిన విద్య అదొక్కటే. సబ్జెక్టు నేర్పించాలని ఒక్కడికీ తట్టలేదు.

ఆ కుర్రాణ్ణి పంపేసి, ఆ అమ్మాయిని కూర్చోబెట్టాను. ఇంక పెద్ద పరీక్షే మిగిలింది. అందులో బాగా రాయకపోతే వెళ్ళిపోవడమే. తను తల వంచుకుని కూర్చుంటే, ఆ సన్నటి జడలు చూస్తుంటే, నా కోపం ఎటు పోయిందో తెలీదు. "ఎక్కడ్నుంచి అర్థం కాలేదు?" అనడిగాను. అడ్డగీత మీద వేలు పెట్టింది. "ఇదేంటి మేడమ్?"

"బీమ్."

"అది తెలుసు. కానీ ఇదేంటి? ఎక్కడుంటుంది?"

ఆ గీత నేను కొన్ని వేలసార్లు గీసుంటాను. అదేంటని నన్నెవరూ అడగలేదు, నేనూ ఎవర్నీ అడగలేదు. కిటికీలోంచి బయటికి చూశాను. కాలవ మీద తాటి దుంగ కనిపించింది. అవతలి చేలకి వెళ్ళేవాళ్ళు దాని మీదుగా దాటుతారు. "రా అమ్మా" అని తీసుకెళ్ళాను.

ఆ అమ్మాయి దుంగని చూడగానే పెద్దగా నవ్వింది. వాళ్ళ అమ్మమ్మగారి ఊరు కూడా నది సముద్రంలో కలిసేచోటే ఉందట. అక్కడ కొబ్బరి దుంగల మీద దాటుతారట. చెప్పులు విప్పి చకచకా నడిచి, సరిగ్గా మధ్యలో ఆగి, కిందకి చూసి, మోకాళ్ళు వంచి రెండుసార్లు ఊగింది. దుంగ కూడా ఊగింది. "ఓ... ఇది మేడమ్! ఇక్కడే ఎక్కువ! అందుకే అక్కడ త్రిభుజాలు, ఒడ్డున!" అని అరిచింది. తర్వాత నన్ను రమ్మంది. నేను రానన్నాను. దూలాల మీద జీవితమంతా పాఠాలు చెప్పిన మనిషిని, చీర కుచ్చెళ్ళు పట్టుకుని ఒడ్డున వణుకుతూ నిలబడ్డాను. వచ్చి నా చెయ్యి పట్టుకుంది. మధ్యలోకి వెళ్ళేసరికి నా కింద దుంగ వంగి నా గుండె జారింది. బెండింగ్ మొమెంట్ అని మేం చెప్పే ఆ వంపు బలం ఏంటో నా అరికాళ్ళకి అప్పుడు తెలిసింది. వెనక్కి తిరిగి చూస్తే సివిల్ బ్రాంచి కిటికీల నిండా తలకాయలు. ఒక కిటికీలో ప్రిన్సిపాల్ గారు.

"ఏంటండీ మేడమ్ ఇది?" అన్నారు.

"ల్యాబండీ" అన్నాను. ఏమంటారు పాపం, నేను కాలవ మధ్యలో ఉన్నాను.

మర్నాడు క్లాసులో ఆ అడ్డగీత గియ్యకముందు దాని కింద కాలవ గీశాను, ఒడ్లు గీశాను. మధ్యలో ఒక మనిషిని నిలబెట్టాను. అంతే, వెనక బెంచీల నుంచి "ఓ... అదా!" అని ఒక శబ్దం వచ్చింది. అది ముందు బెంచీల దాకా పాకింది. రావులపాలెం కుర్రాడు లేచి, "పగులు దుంగ కింద వైపే వస్తుందండీ! మా బాబాయి అరటి గెలతో సహా కాలవలో పడ్డాడండీ" అన్నాడు. అవును, కింద వైపే సాగుతుంది, అందుకే అక్కడ విరుగుతుంది. పుస్తకంలో అదే మూడు పేజీలుంది.

నాకు సంతోషం వెయ్యాలి. కానీ ఒళ్ళు మండింది. "అయితే ఇన్నాళ్ళూ ఒక్కడికీ అర్థం కాలేదన్నమాట! మరి అర్థమైందని ఎందుకన్నార్రా?" అని బల్ల గుద్దాను.

ఆ రావులపాలెం కుర్రాడే మెల్లిగా అన్నాడు. "మీరంత కష్టపడి చెప్తుంటే, అర్థం కాలేదంటే బాగోదు కదండీ."

ఏం చెయ్యమంటారు? తిట్టడానికి కూడా వీల్లేని జవాబది. ఆ రోజునుంచి ఆ మాట అడగనని ఒట్టు పెట్టుకున్నాను. అడిగే బదులు సుద్దముక్క చేతికిచ్చి, నువ్వు చెయ్యి అనేదాన్ని. సుద్దముక్క తమ బెంచీ వైపు వస్తుంటే పిల్లలు దేవుళ్ళకి మొక్కుకునేవారు. నా ఒట్టు ఇంట్లో మాత్రం నిలవలేదు. సంచీ ఇచ్చి, కరివేపాకు తెమ్మని చెప్పి, "అర్థమైందా?" అన్నాను. మావారు "అర్థమైందండీ మేడమ్" అని వెళ్ళి కొత్తిమీర తెచ్చారు.

పెద్ద పరీక్ష ఫలితాలొచ్చే రోజు నేను తిండి తినలేదు. నా సొంత ఫలితాలప్పుడు కూడా అంత భయపడలేదు. మధ్యాహ్నం ఆ అమ్మాయి పరుగెత్తుకుంటూ వచ్చి, స్టాఫ్‌రూమ్‌లో అందరి ముందూ నన్ను పైకెత్తేసింది. నిజంగా, నేల మీద నుంచి ఎత్తేసింది. పాసైంది. వెళ్ళక్కర్లేదు. నేను "దింపమ్మా, దింపు" అంటూనే ఏడ్చేశాను.

తర్వాతి సెమిస్టర్లో వాళ్ళకి నా క్లాసు లేదు, వాళ్ళకి పాఠం చెప్పడానికి లెక్కల సారు వెళ్ళారు. మొదటివారంలోనే ఒక రోజు ఆయన స్టాఫ్‌రూమ్‌లోకి వచ్చి డస్టరు పట్టుకునే కూలబడ్డారు.

"ఏమైందండీ?"

"అర్థం కాలేదంటండీ."

"ఆ అమ్మాయేనా?"

"ఆ అమ్మాయొక్కతే అయితే బాధేముందండీ? గుమ్మం దాకా వచ్చేశాను కూడా. వెనకనుంచి క్లాసంతా అంది. రాగం తీసి మరీ అన్నారండీ, 'అర్థం కాలేదండీ' అని."

నాకు నవ్వాగలేదు. "మరేం చేశారు?"

"ఏం చేస్తాను, వెనక్కెళ్ళి మళ్ళీ చెప్పాను." ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "చెబుతూ చెబుతూ లెక్క మధ్యలో ఒక మెట్టు దగ్గర ఆగిపోయానండీ. అది అక్కడికెలా వచ్చిందో నాకూ తెలీదు మేడమ్. ఇరవయ్యేళ్ళ నుంచీ చెబుతున్నాను."

నా నవ్వు ఆగిపోయింది. ఆ పెద్దాయన మొహం చూస్తే జాలేసింది. కుర్చీ ఆయన బల్ల దగ్గరికి లాక్కుని, "ఏ మెట్టండీ?" అన్నాను. కాగితం మీద రాసి చూపించారు. అటు తిప్పీ ఇటు తిప్పీ చాలాసేపు చూశాను. నోటిదాకా వచ్చిన "అర్థమైందండీ"ని మింగేసి, "నాకూ అర్థం కాలేదండీ" అన్నాను. చెప్పొద్దూ, ఆ మాట అంటుంటే ఎంత హాయిగా ఉందో!