రెండో గాని

ఆ కాలేజీలో రసాయనశాస్త్రం చదివి వెళ్లినవాళ్లు పాఠాలు చెప్పిన మాస్టర్ల పేర్లయినా మరిచిపోతారేమో గాని, సీసాలక్కను మాత్రం మరిచిపోరు. ఇరవై ఆరేళ్లుగా ల్యాబులో గాజుసామాను కడగడం, సర్దడం, పగిలితే ఊడ్చడం ఆమె పని. ఆమె కడిగిన ఫ్లాస్కును కిటికీ వెలుతురులోకి ఎత్తి చూస్తే లోపలి గోడకు ఒక్క నీటిబొట్టు కూడా అంటుకుని ఉండదు. బొట్టు నిలిచిందంటే ఇంకా జిడ్డు ఉన్నట్టేనని ఆమె లెక్క. అప్పుడు మళ్లీ సబ్బు, మళ్లీ బ్రష్షు, మళ్లీ నీళ్లు. పైవాడు అప్పజెప్పిన పనిలో చిన్నదీ పెద్దదీ ఉండదని ఆమె నమ్మకం. ఈ సంగతి ఆమె ఎవరితోనూ అన్నది లేదు. సీసాలు చూసినవాళ్లకు తెలిసేది.

ఆమె చదువు పల్లెటూరి బడిలో ఏడో తరగతి దాకా సాగింది. అక్కడి పంతులుగారు అక్షరం కింద వేలు పెట్టించి, పైకి చదివించేవారు. ఏభై రెండేళ్లు వచ్చినా ఆ అలవాటు పోలేదు. మందుసీసా మీద చీటీ అయినా, బస్సు నుదుటి మీద ఊరి పేరైనా వేలు ఆడించి, పెదవులు కదిపి చదవాల్సిందే. పిల్లలు నవ్వేవారు. నవ్వండి తల్లీ, నీళ్లనుకుని యాసిడ్ ముట్టుకున్న రోజున నన్నే తలుచుకుంటారు అని ఆమె కూడా వాళ్లతో కలిసి నవ్వేది.

ఇలా ఉండగా ఆ ఏడు కొత్త చట్టం వచ్చింది. కాలేజీల్లో ఆడపిల్లలను, ఆ మాటకొస్తే ఎవరినైనా సరే, వెకిలి మాటలతో, వెకిలి చేతలతో వేధించకుండా, ఎవరినీ తక్కువచేసి చూడకుండా కాపాడే చట్టం. ప్రతి కాలేజీలోనూ ఫిర్యాదులు వినడానికి ఒక సంఘం ఉండాలన్నారు. అందులో పాఠాలు చెప్పనివాళ్లలోంచి కూడా ఒకరుండాలన్నారు. ఆఫీసులో పెద్ద గుమాస్తా రెండు నిమిషాలు ఆలోచించి సీసాలక్క పేరు రాసేశాడు. నోట్లో నాలుక లేని మనిషి, చూపించిన చోట సంతకం పెడుతుంది అని ఆయన ధీమా. అలాగని ఆయన చెడ్డవాడు కాడు. జోరువానలో తన గొడుగు ఆమె చేతిలో పెట్టి, తాను తడుస్తూ బస్సెక్కిన మనిషే. ఎటొచ్చీ కాగితం పని తొందరగా తెమిలిపోవాలంటాడు, అంతే.

మొదటి సమావేశానికి సీసాలక్క మంచినీళ్ల పళ్లెం పట్టుకుని వచ్చింది. అలవాటు ఎక్కడికి పోతుంది? సంఘానికి పెద్ద అయిన ఫిజిక్సు మేడం లేచి, ఆ పళ్లెం తన చేతుల్లోకి తీసుకుని, కుర్చీ లాగి కూర్చోమంది. సీసాలక్క తీగ మీద పిట్ట వాలినట్టు కుర్చీ అంచున కూర్చుంది. ఆ పూట మేడమే అందరికీ నీళ్లు పోసింది. ఆ తర్వాత చట్టం తాలూకు చిన్న పుస్తకాలు పంచారు. తక్కినవాళ్లు వాటిని సంచుల్లో పడేసుకున్నారు. సీసాలక్క తన పుస్తకాన్ని ఇంటికి తీసుకెళ్లి, అట్ట వేసి, రోజూ దేవుడికి దండం పెట్టుకునే మూలలో బల్ల మీద పెట్టింది. భక్తి ఎక్కువై తెరిచి చూడలేదు. పొరపాటంతా అక్కడే జరిగింది.

వారం తిరక్కుండానే కాలేజీ గుమ్మంలో బోర్డు వెలిసింది. పచ్చరంగు మీద తెల్లటి అక్షరాలు. మొత్తం నాలుగే వరుసలు. మూడో వరుసలో "ఫిర్యాదును వ్రాసి గాని ఇయ్యరాదు" అని ఉంది. అంటే రాసిస్తే తప్ప తీసుకోరని. సీసాలక్క రోజూ లోపలికి వస్తూ ఆ నాలుగు వరుసలనూ పెదవులు కదుపుతూ చదువుకునేది.

ప్రాక్టికల్ పరీక్షలకు వారం ఉందనగా, ఒక గురువారం, ముత్యాలు ల్యాబులో వెనకబడింది. రెండో సంవత్సరం పిల్ల. ముత్యాల కోవలాంటి దస్తూరి కావడంతో ఆ పేరు పడింది. సగం తరగతి రికార్డు పుస్తకాల అట్టల మీద పేర్లు రాసింది ఆ పిల్లే. తోటివాళ్లంతా వెళ్లిపోయాక, కడిగిన పిపెట్లు, ఆ సన్నటి గాజుగొట్టాలు తుడిచిపెడుతున్నట్టు నటిస్తూ, తల ఎత్తకుండా చెప్పింది. ల్యాబులో ప్రయోగాలు చూసే డిమాన్‌స్ట్రేటరు తన రికార్డు మీద సంతకం పెట్టడం లేదట. సంతకం లేనిదే పరీక్షలో కూర్చోనివ్వరు. సంతకం కావాలంటే అందరూ వెళ్లాక త్రాసుల గదికి ఒంటరిగా రమ్మంటాడట. ఒకసారి అమాయకంగా వెళ్లిందట కూడా. ఆ తర్వాత జరిగింది చెబుతూ ఆ పిల్ల తుడిచిన పిపెట్టునే మళ్లీ మళ్లీ తుడిచింది.

సీసాలక్క పిపెట్టును మెల్లగా అందుకుని పక్కన పెట్టింది. కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకోవాలో తెలియని రోజులు పోయాయని, ఇప్పుడు సంఘముందని, ఒక్క కాగితం రాసిస్తే చాలునని ధైర్యం చెప్పింది.

"రాయలేనక్కా," అంది ముత్యాలు. "చెప్పమంటే ఎన్నిసార్లయినా చెబుతాను. ఆ మాటల్ని నా చేత్తో కాగితం మీద పెట్టలేను."

"రాసిస్తే గాని తీసుకోరు తల్లీ. బోర్డు మీద రాసుంది."

"నేనూ చూశాను," అని ఆ పిల్ల పుస్తకాలు సర్దుకుంది. "అయితే పరీక్ష వదిలేస్తాలే."

శుక్రవారం రాలేదు. శనివారమూ రాలేదు.

శనివారం ఒంటిపూట పని ముగించుకుని ఇల్లు చేరిన సీసాలక్కకు అన్నం సయించలేదు. ఇంటి ముందుగది ఆమె భర్త దర్జీ కొట్టు. ఆయన మిషను తొక్కుతూ చొక్కాకు చేతులు కుడుతున్నాడు. అత్తగారు గుమ్మం దగ్గర కూర్చుని గుండీలు రంగుల వారీగా ఏరుతోంది.

"ఏమే, మొహం కడగని సీసాలా ఉంది?" అన్నాడు దర్జీ.

పేరు చెప్పకుండా, ఊరు చెప్పకుండా, ఎవరో ఒక పిల్ల అని మాత్రమే అని, మనసులో భారం దింపుకుంది. రాయాలంటే చెయ్యి రాదు, రాయకపోతే దారి లేదు, అడకత్తెరలో పోకచెక్కలా ఉంది ఆ పిల్ల పని అంది.

గుండీలు ఏరుతున్న అత్తగారు తల ఎత్తింది. "అయితే కోడలా, రాయడం వస్తేనే న్యాయమా? నాకు సంతకమే రాదు. రేపు నన్నెవడైనా ఏమైనా అంటే నేను నోరు మూసుకుని కూర్చోవాలా?"

"నువ్వు నోరు మూసుకుంటావా?" అన్నాడు కొడుకు, దారం కొరుకుతూ.

"నీ సంగతి తర్వాత చూస్తాను. ఏమ్మా, వాళ్లిచ్చిన ఆ పుస్తకం నువ్వు చదివావా?"

సీసాలక్క దేవుడి మూలకేసి చూసింది.

"దండం పెట్టుకోవడానికిచ్చారా, చదువుకోవడానికిచ్చారా? దించు దాన్ని."

పుస్తకం దింపి, నేల మీద కూర్చుని, మొదటి పేజీ మొదటి అక్షరం కింద వేలు పెట్టింది సీసాలక్క. పైకి చదవడం మొదలుపెట్టింది. నడుమ ఇద్దరు చొక్కాలకని వచ్చి వెళ్లారు. అత్తగారికి రెండుసార్లు కునుకు పట్టింది. పదకొండో పేజీలో వేలు ఆగిపోయింది.

"ఫిర్యాదును వ్రాసి గాని, నోటితో చెప్పి గాని ఇయ్యవచ్చును."

మిషను ఆగింది. మళ్లీ చదవమన్నాడు దర్జీ. మళ్లీ చదివింది. రెండో గాని కింద వేలు గట్టిగా నొక్కిపెట్టింది. కింది వరుసలు కూడా చదివింది. నోటితో చెబితే సంఘంలో ఒకరు దాన్ని రాసుకుని, చదివి వినిపించి, చెప్పినవాళ్లు ఔనన్న తర్వాతే సంతకం తీసుకోవాలట. విచారణ ముగిసేదాకా ఫిర్యాదు ఎవరి మీదో ఆ మనిషి వాళ్ల పరీక్ష జోలికి, మార్కుల జోలికి రాకూడదట.

దర్జీ చేతిలో ఉన్న చొక్కా పైకెత్తాడు. దానికింకా ఒక చెయ్యే కుట్టి ఉంది. "ఇదిగో, మీ బోర్డు ఇది. ఒక చెయ్యి కత్తిరించేసి చొక్కా తొడుక్కోమన్నారు."

సీసాలక్క నవ్వబోయింది, ఏడుపు వచ్చింది. ఆ బోర్డును నమ్మి, తన నోటితోనే ఆ పిల్లను వెనక్కి పంపింది కదా. కళ్లు తుడుచుకుని, మనసులోనే దేవుణ్ని క్షమించమని అడిగి, ఆ తర్వాత అన్నం పెట్టుకుంది. ఏడవడానికైనా, పోట్లాడడానికైనా కడుపులో కాస్త ఉండాలని అత్తగారి సిద్ధాంతం.

ఆదివారం పొద్దున్నే వెతుక్కుంటూ వెళ్లింది. ముత్యాలు తన పిన్ని ఇంట్లో ఉంటోంది. మేడ మీద ఒకే గది. పెట్టె సగం సర్ది ఉంది. పిన్ని విషయం తెలియక, పరీక్షల ముందు ఊరెళతానంటుందేమిటమ్మా, మీరైనా చెప్పండి అని మొత్తుకుంది. సీసాలక్క ఆ పిల్లను మెట్ల మీదికి తీసుకొచ్చి, పుస్తకం తెరిచి, వేలు పెట్టి చూపించింది.

"బోర్డు మీద ఇలా లేదుగా?"

"బోర్డుది తప్పు. చదవకుండా నీకు చెప్పడం నాది తప్పు. నువ్వు చెప్పు తల్లీ, మేడం రాస్తారు. నేను పక్కనే కూర్చుంటాను."

ముత్యాలు ఆ వరుసను మూడుసార్లు చదువుకుంది. రేపు ఎన్ని గంటలకు రమ్మంటారు అని అడిగింది.

సోమవారం కాలేజీ గంట కొట్టకముందే సీసాలక్క ఆఫీసులో ఉంది. ఒక ఫిర్యాదు నోటిమాటగా వస్తోందని, పేరు రాసుకోమని చెప్పింది. పెద్ద గుమాస్తా అద్దాలు సవరించుకుని, రూలు ఒప్పుకోదన్నాడు. ఆమె పుస్తకం ముందు పెట్టింది. ఆయన చదివాడు. మళ్లీ చదివాడు. అప్పుడు బయటపడింది అసలు కథ. కొత్త బోర్డు రావడం ఆలస్యమవుతుందని, ఆటల్లో పాయింట్లు రాసే పాత బోర్డును తిరగేసి రంగు వేయించాడట. దాని మీద నాలుగు వరుసలే పట్టాయి. అందుకని మాటలు తగ్గించాడు. ఒక గాని ఉండనే ఉంది, రెండోది దండగ అనుకున్నాడు. "వ్రాసి గాని ఇయ్యవచ్చును" అని రాసిచ్చాడు. బోర్డులు రాసే మేస్త్రికేమో వ్యాకరణం మీద మహా పట్టు. వాక్యం కుంటుతోంది, పాపం గుమాస్తాగారు పొరబడ్డారు అనుకుని, ఆయనే "ఇయ్యరాదు" అని దిద్దేశాడు. ఇద్దరు మంచివాళ్లు కలిసి చట్టాన్ని తలకిందులు చేసి నిలబెట్టారు.

"సరేనమ్మా, వచ్చే నెలలో మార్పిద్దాం. ఇప్పుడేమీ కొంపలు మునగలేదుగా," అన్నాడు గుమాస్తా.

"మునిగాయి సార్. ఒక పిల్ల అది చదివి వెనక్కి వెళ్లిపోయింది. పరీక్ష ఎల్లుండి."

ఆ నోట్లో నాలుక ఉన్నట్టు ఆయనకు ఇరవై ఆరేళ్లలో అదే తెలియడం. కాసేపు బల్ల మీది కాగితాలు అటూ ఇటూ జరిపాడు. తర్వాత లేచి, స్టూలు తానే మోసుకెళ్లి, గుమ్మంలో బోర్డు దింపి చంకలో పెట్టుకొచ్చాడు. ఫిజిక్సు మేడం గదికి తాళం తీసి, ఫ్యాను వేసి, ఆ పూట అటువైపు ఎవరినీ రానివ్వకుండా వరండా చివర కుర్చీ వేసుకుని తానే కూర్చున్నాడు.

లోపల ముత్యాలు చెప్పింది. ఆగి ఆగి చెప్పింది. మేడం ఒక్క మాటా తొందరపెట్టలేదు. అంతా రాశాక, చదివి వినిపించమని కాగితం సీసాలక్కకు ఇచ్చింది. సీసాలక్క వేలు పెట్టి, ఒక్కొక్క మాటే పైకి చదివింది. "...నా భుజానికి చెయ్యి తగిలింది..." అన్న చోటికి వచ్చేసరికి ముత్యాలు ఆపింది.

"తగల్లేదక్కా. వేశాడు."

మేడం కలం తీసి, తగిలింది కొట్టేసి, వేశాడు అని రాసింది. సీసాలక్క ఆ వాక్యాన్ని మొదటి నుంచి మళ్లీ చదివింది. ఈసారి ముత్యాలు తల ఊపింది. సంతకం పెట్టింది.

ఆ మధ్యాహ్నానికే ప్రిన్సిపాలు ఉత్తర్వు వేశారు. విచారణ తేలేదాకా డిమాన్‌స్ట్రేటరు ల్యాబు గడప తొక్కకూడదు. ముత్యాలు రికార్డు దిద్ది సంతకం పెట్టడం, పరీక్ష పెట్టడం పక్క సెక్షను మేడం పని. విచారణ ఇంకా చాలా దూరం నడవాల్సి ఉంది. అది ముగిసేలోపు మరో ఇద్దరు పిల్లలు వచ్చి మేమూ చెప్పాలి అన్నారు. వాళ్ల మాటలు కూడా మేడం రాసింది, సీసాలక్క చదివింది.

బుధవారం పరీక్ష. పాతిక బల్లల మీద పాతిక బ్యూరెట్లు నిలబెట్టింది సీసాలక్క. కిటికీ పక్క బల్ల ముత్యాలుకు వచ్చింది. మొదటిసారి బ్యూరెట్టు అడుగున ఉన్న కుళాయి కాస్త ఎక్కువ తిరిగి ఒక చుక్క అదనంగా పడింది, ఫ్లాస్కు చిక్కటి గులాబీ రంగుకు తిరిగింది. నాలుక కరుచుకుని, "అక్కా, ఇంకో ఫ్లాస్కు" అంది. సీసాలక్క ఇచ్చింది. రెండోసారి చుక్క వెనక చుక్క వదిలింది. లేత రంగు వచ్చి, చెదరకుండా నిలిచింది. పక్క సెక్షను మేడం చూసి, అంకె వేసుకుని, జవాబు కాగితం మీద సంతకం పెట్టి ముందుకు కదిలింది. ఎంత చిన్న పని. ఎంత మామూలుగా అయిపోయింది. ఇలాంటి మామూలు రోజు ఇచ్చినందుకు సీసాలక్క లోలోపల దేవుడికి దండం పెట్టుకుంది.

పరీక్ష అయ్యాక వరండాలో పిల్లలు కొట్లాటకు దిగారు. బ్యూరెట్టు మీద రావాల్సిన అంకె పద్దెనిమిది పాయింటు నాలుగు అని ఒకరు, కాదు ఆరు అని ఒకరు.

"నాలుగే. కావాలంటే పందెం," అంటోంది ముత్యాలు. అందరి గొంతుల్లోకీ ఆ గొంతే పైకి వినిపిస్తోంది.

తర్వాతి జట్టు రావడానికి ఇంకా అరగంటే ఉంది. లోపల సీసాలక్క పాతిక ఫ్లాస్కులు తొట్టిలో వేసి, కుళాయి తిప్పింది. ఆ గోల సరిగా వినపడటం లేదని నీళ్లు కాస్త తగ్గించింది.