అరువు సోఫా మీద నా ఫొటో

చేతికి అందబోతున్న ఇంటిని ఒక్క ఉదయంలో ఎలా పోగొట్టుకోవచ్చో తెలుసుకోవాలంటే నన్ను అడగండి. దొంగలు అక్కర్లేదు, వరద అక్కర్లేదు. నాలాంటి మర్యాదస్తుడు ఒకడుంటే చాలు.

అప్పట్లో తాండూరులో ఒంటిగది కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. నేను నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్‌లో గుమస్తాను. ఊరు పెరుగుతోంది, దాన్ని మించి కిరాయి పెరుగుతోంది. ఇల్లు లేనివాళ్ల కోసం సర్కారు ఊరి చివర డబుల్ బెడ్రూం ఇళ్లు కడుతుంటే మేమూ, పక్కవాటాలోని ఖాజా భాయ్ వాళ్లూ దరఖాస్తు పెట్టుకున్నాం. రాని ఇంట్లో పొయ్యి ఏ మూల పెట్టాలో మా ఆవిడ సుజాత అప్పటికే తేల్చేసింది. ఆమె పోయి రెండేళ్లు. ఈ సంగతి నాకంటే ఆమే బాగా చెప్పేది, ముఖ్యంగా నన్ను తిట్టే చోట.

ఒకరోజు పొద్దున, సర్వే సారు వస్తున్నాడని కబురు వచ్చింది. సుజాత కుట్టుపనికి వెళ్లింది. ఇంట్లో ఉన్నది కాలు విరిగిన కుర్చీ ఒక్కటే. ఇంటికి పెద్దమనుషులు వస్తే పక్కింటి కుర్చీలు తెచ్చి వేయడం మా దగ్గర మామూలే. నేను మాత్రం కుర్చీ దగ్గర ఆగలేదు.

"భాయ్, జర మీ సోఫా ఇస్తవా? ఒక్క గంట."

"తీస్కపో నర్సింలన్నా. గిందుల అడుగుడేంది?"

"ఫ్రిజ్ గూడ..."

"సల్లనీళ్లున్నయి అందుల. సారుకు తాపు."

తర్వాత టీవీ, కూలర్ వచ్చాయి. గోడ గడియారం నేను అడగలేదు, ఆయనే ఇచ్చాడు.

ఫోన్ పట్టుకొని ఒక కుర్ర ఉద్యోగి వచ్చాడు. సోఫాను చూశాడు.

"సొంతదేనా?"

"సొంతదే సార్."

"ఫ్రిజ్?"

"పాతది బాగలేదని మొన్ననే కొత్తది తెచ్చినం సార్."

మా ఇంట్లో పాతది కూడా ఎప్పుడూ లేదు. కానీ ఆ సోఫా మెత్తదనం అలాంటిది, కూర్చుంటే అబద్ధాలు వాటంతటవే వస్తాయి.

"మస్తుగనే ఉన్నరు మీరు," అన్నాడు. మెచ్చుకున్నాడనుకొని కాలు మీద కాలు వేసుకున్నాను. ఫొటో తీశాడు. కళ్లు మూసుకున్నానేమోనని ఇంకొకటి తీయించుకున్నాను.

అక్కడి నుంచి ఖాజా భాయ్ ఇంటికి వెళ్లాడు. గోడలకు మేకులు, మధ్యలో ఖాజా భాయ్.

"సామాను ఏం లేదా?"

నన్ను పట్టించడం ఇష్టంలేక ఆ మంచిమనిషి, "ఉండె సార్. ఇప్పుడు లేదు," అన్నాడు. ఆ కుర్రవాడు ఇంకేమీ అడగకుండా రాసుకుపోయాడట.

మేమిద్దరం సోఫాను వెనక్కి మోస్తుండగా సుజాత ఎదురైంది. జరిగింది చెప్పాను.

"సారు మనకు పిల్లనియ్యనీకి వచ్చిండా?"

జాబితాలో ఖాజా భాయ్ పేరు ఉంది, మాది లేదు. సోమవారం సుజాతా నేనూ వికారాబాద్ కలెక్టరేట్‌కు అర్జీ పట్టుకొని పోయాం. అక్కడి అధికారి కంప్యూటర్‌లో నా ఫొటో తెరిచాడు. జమీందారులా ఉన్నాను.

"ఇది నువ్వేనా?"

"నేనే సార్. సోఫా నాది కాదు."

"ఫ్రిజ్?"

"అదీ కాదు."

"ఆ గడియారం?"

"అడగకుండనే ఇచ్చిండ్రు సార్."

"మరి ఇందుల నీదేమున్నదయ్యా?"

నా బదులు సుజాత జవాబు చెప్పింది. "ఆ ఇకిలింపు ఒక్కటే సార్. మిగిలిందంతా అరువు."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకునేదాకా నవ్వాడు. మళ్లీ సర్వే చేయమని రాశాడు. ఆ సర్వే రోజు సుజాత నన్ను ఇంట్లో ఉండనివ్వలేదు. ఇల్లు వచ్చింది, ఖాజా భాయ్ వాళ్ల పై అంతస్తులోనే.

అందుచేత పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట మా గడప తొక్కేది ఎంతటి అధికారైనా సరే, నేలమీద చాప వేసి కూర్చోబెడతాను. చాప మాత్రం మా సొంతం.