ఆధారాల జాబితాలో ఖాలా

పీహెచ్‌డీ రెండో ఏడాదిలో నేను రాసిన మొదటి పరిశోధనా వ్యాసం బీడీ కార్మిక స్త్రీల గురించి. మా అమ్మ కోరుట్లలో ఇప్పటికీ బీడీలు చేస్తుంది కాబట్టి ఇది నాకు తేలికే అనుకున్నాను. ఇరవై పేజీలు రాశాను. ప్రతి పేరా చివర ఒక పుస్తకమో వ్యాసమో చూపించాను. ఎన్ని పేర్లు చూపిస్తే అంత చదివినదానిలా కనిపిస్తానన్న ఆశ కూడా ఉండేది.

మా గైడ్ మేడమ్ ఆ కాగితాలు తిరిగి ఇచ్చినప్పుడు ఒకే ఒక్క వాక్యం కింద గీత ఉంది: ‘ఈ పనిని ఆడపిల్లలు తల్లుల దగ్గర నేర్చుకుంటారు.’ పక్కన పెన్సిల్‌తో ‘ఆధారం?’ అని రాశారు.

“అది అందరికీ తెలిసిందే మేడమ్. నేను మా అమ్మ దగ్గరే నేర్చుకున్నాను” అన్నాను.

“మరి మీ అమ్మ ఎవరి దగ్గర నేర్చుకుంది?”

చిన్నప్పటి నుంచి అమ్మ పక్కన కూర్చుని తునికాకు కత్తిరించినదాన్ని, ఆ మాట ఒక్కసారీ అడగలేదు.

“వెళ్లి అడుగు. పద్ధతిగా రికార్డు చేసుకుని రాయి. మనిషి చెప్పింది కూడా ఆధారమే” అన్నారు మేడమ్.

ఇంటికి వెళ్లి అమ్మకు అంగీకార పత్రం చదివి వినిపించాను. అమ్మ పెట్టెలోంచి మంచి చీర తీసి కట్టుకుని వచ్చి కూర్చుంది. ఫోన్‌లో రికార్డు నొక్కగానే, “నమస్కారము. నేను బీడీలు చేయుచున్నాను” అంటూ వార్తలు చదివినట్టు మొదలుపెట్టింది. నవ్వాపుకోలేక ఫోన్ ఆపేశాను.

“అమ్మా, రోజూ మాట్లాడినట్టే మాట్లాడు. నీకెవరు నేర్పిన్రు?”

“మా అమ్మకు బీడీ ఎట్ల చేస్తరో తెల్వనే తెల్వదు బిడ్డా. మేము కొడిమ్యాల దిక్కు కూలికి పోయేటోళ్లం. లగ్గమై కోరుట్లకు అచ్చినంక గోడ అవుతలి అక్క నేర్పింది. గిప్పుడు సిరిసిల్లల బిడ్డ దగ్గర ఉంటున్నది.”

గోడ అవతలి అక్క అంటే, నేను ఉర్దూలో పెద్దమ్మ అన్నట్టు ‘ఖాలా’ అని పిలిచే ఆమె. నా చిన్నప్పుడు రంజాన్‌కు గిన్నె నిండా సేమియా పంపిన ముస్లిం ఇల్లాలు. ఆమె అమ్మకు పని నేర్పిందని నాకు తెలియదు. నా వ్యాసంలోని వాక్యం మా ఇంట్లోనే తప్పయింది.

మరుసటి ఆదివారం అమ్మా నేనూ జగిత్యాలలో బస్సు మారి సిరిసిల్ల వెళ్లాం. మరమగ్గాల చప్పుడు వినబడే సందులో ఇల్లు. ఖాలాకు చూపు తగ్గింది. గొంతు విని అమ్మను గుర్తుపట్టి, రెండు చేతులతో ఆమె ముఖం తడిమింది.

“నేనేం నేర్పలే బిడ్డా. నీ అమ్మనే చూసి పట్టుకున్నది” అంది నాతో. “మొదట్ల ఆమె బీడీలు కార్ఖానాల ఒక్కటి గూడ పాస్ కాకపోయేది. ఒకటే ఏడుస్తుండె. ఇగ నేనే ఆమె కట్టలిప్పి, నావి పెట్టి మల్ల కట్టి పంపిన.”

అమ్మ ఉలిక్కిపడింది. “నేను చేసినయే పాసైనయనుకున్న గదక్కా!”

“నువ్వు గట్ల అనుకోవాలెననే గద. ధైర్యమస్తెనే చెయ్యి సాగుతది.”

“మరి నావేం జేసినవ్?”

“మా ఆయనకిచ్చిన. తాగిండు పాపం, ఏమనలే.”

ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే అమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఇరవై ఏడేళ్ల తర్వాత తెలిసిన సంగతి అది.

వ్యాసంలో పేరు ఉండదనీ, ‘రెండవ సమాచారదాత’ అని రాస్తాననీ ఖాలాకు చెప్పాను. అమ్మకు అది నచ్చలేదు. “పుస్తకాలు రాసినోళ్ల పేర్లన్ని పెడ్తివి. అక్క పేరెందుకు పెట్టవు?”

పేరు బయటపడితే ఎవరికైనా ఇబ్బంది రావచ్చని నచ్చజెప్పబోయాను.

“డెబ్బై ఏండ్లచ్చినయ్. ఇప్పుడు నాకేం ఇబ్బంది? రాయి” అంది ఖాలా. పత్రం దగ్గరగా పట్టుకుని, కుడి నుంచి ఎడమకు, ఉర్దూలో నెమ్మదిగా సంతకం చేసింది. నేను రాసుకున్న ఆ పేరును నాతో రెండుసార్లు చదివించుకుని సరిచేసింది. తిరిగి వెళ్లాక, ఖాలా అంతా అర్థమయ్యే ఒప్పుకుందా అని మేడమ్ నన్ను గుచ్చి గుచ్చి అడిగి, సరేనన్నారు.

‘తల్లుల దగ్గర నేర్చుకుంటారు’ అన్న వాక్యం మార్చాను. పత్రికవాళ్లు రెండుసార్లు తిప్పి పంపాక వ్యాసం అచ్చయింది. చివరి జాబితాలో, అక్షర క్రమంలో, ఖాలా పేరు ఇద్దరు ప్రొఫెసర్ల మధ్యన పడింది. ఆ కాపీ పట్టుకుని మళ్లీ సిరిసిల్ల వెళ్లాం. ఇంగ్లీషులో ఉన్నది తెలుగు చేసి వినిపిస్తుంటే, ‘పొరుగింటి స్త్రీ’ అన్నచోట ఖాలా ఆపింది.

“పొరుగామె ఏంది? నీ అమ్మ నన్ను అక్క అంటది గద. అక్క అని రాయి.”

“అచ్చయిపోయింది ఖాలా, ఇప్పుడు మారదు.”

“థీసిస్ల మారుస్తది అక్కా” అని అమ్మే మాటిచ్చేసింది.

మూడో అధ్యాయంలో ఆ మాట మార్చి, ఫోన్‌లో చదివి వినిపించాను. ఖాలా చివరిదాకా విని ‘ఊ’ అంది.

“తిన్నవా బిడ్డా?” అని అడిగింది.