చిన్న సవరణ గారి పెద్ద పొరపాటు

కళ్లద్దాల షాపాయనకి తప్పు కనిపిస్తే ఊరుకోవడం చేతకాదు. ఆయనలో ఉన్న లోపం మొత్తం ఇంతే. మిగతా విషయాల్లో బంగారంలాంటి మనిషి. ఎవర్నీ పల్లెత్తు మాట అనడు, షాపు వేళకి తీస్తాడు, ఫ్రేములో అద్దం బిగించేటప్పుడు ఊపిరి కూడా బిగబడతాడు. కానీ ఎవరో ఒకరు ఏదో ఒక అబద్ధాన్ని నిజమనుకుని ఫోనులో పెట్టారని తెలిసిందా, ఆయనకి ముద్ద దిగదు. 'చిన్న సవరణ' అని మొదలుపెట్టి, వేలు నొప్పి పుట్టేదాకా రాస్తాడు. ఆ చిన్న సవరణ ఏనాడూ చిన్నదిగా ఉన్న పాపాన పోలేదు. అందుకే వీధి వీధంతా ఆయన్ని చిన్న సవరణ గారనే పిలుస్తుంది.

ఆయనకి రెండు జతల కళ్లద్దాలు. ఒకటి కళ్లకి, రెండోది నుదుటికి. నుదుటి మీదివి చదువుకోవడానికి. అవి కిందికి దిగాయంటే ఎక్కడో ఎవరికో మూడిందని ఆయన భార్యకి తెలిసిపోతుంది. షాపు కౌంటర్లో ఆవిడే కూర్చుంటుంది. ఇరవై ఆరేళ్లుగా ఆ అద్దాలు దిగడం, ఎక్కడం చూస్తూనే ఉంది.

ఆ మాటకొస్తే మొట్టమొదట దొరికిపోయింది ఆవిడే. పెళ్లి కుదిరిన కొత్తలో, ఎంతో సిగ్గుపడుతూ ఆయనకి ఓ ఉత్తరం రాసింది. చందమామ వెన్నెల కురిపిస్తుంటే మీరే గుర్తొచ్చారని అందులో రాసుకుంది. వారానికి జవాబు వచ్చింది. మొదటి వాక్యం: 'చిన్న సవరణ. చందమామకి సొంత వెలుగు లేదు, అది సూర్యుడి దగ్గర తెచ్చుకున్నది.' ఆవిడ ఉత్తరం చింపబోయింది. అంతలో రెండో వాక్యం కంటపడింది: 'అయినా మీరు రాశాక నేనూ గంటసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను.' ఆ రెండో వాక్యం కోసమే ఆవిడ పెళ్లి చేసుకుంది. మొదటి వాక్యం మాత్రం రోజూ భరిస్తోంది.

వీధిలో అందరికీ కలిపి పన్నెండేళ్లుగా 'మన వీధి' అని ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. నూట పదిమంది. నీళ్లు ఎప్పుడొస్తాయి, కరెంటు ఎప్పుడు పోతుంది అని చెప్పుకోవడానికి పెట్టుకున్నారు. ఇప్పుడందులో నీళ్లూ కరెంటూ తప్ప లోకంలో ఉన్నవన్నీ వస్తుంటాయి.

మందుల షాపాయన, ఫోనులో యాప్‌లన్నీ గంటకోసారి మూసేస్తే బ్యాటరీ రెండు రోజులొస్తుందని పెడితే, చిన్న సవరణ. మూసి తెరవడానికే ఎక్కువ ఖర్చవుతుందిట. పాపం మందుల షాపాయన అప్పటికి నాలుగు నెలలుగా గంటకోసారి మూస్తున్నాడు.

ఎన్నికలొస్తే ఇక చెప్పనక్కర్లేదు. ప్రింటింగ్ ప్రెస్సు నడిపే ఆయనది ఒక పార్టీ, మందుల షాపాయనది ఇంకో పార్టీ. ప్రెస్సాయన తమ నాయకుడి సభకి వచ్చిన జనసముద్రం అని ఫొటో పెట్టాడు. ఐదు నిమిషాల్లో సవరణ వచ్చింది: 'ఆ ఫొటో ఫుట్‌బాల్ ఆటది. ఎడమ మూలన గోల్‌పోస్టు చూడగలరు.' మందుల షాపాయన మూడు రోజులు పండగ చేసుకుని, నాలుగో రోజు తమ పార్టీ కట్టించిన వంతెన అని ఇంకో ఫొటో పెట్టాడు. 'చిన్న సవరణ. ఈ వంతెన మన దేశంలో లేదు.' ఎక్కువ ఓట్లు వచ్చిన పార్టీకే ఎక్కువ సీట్లు వస్తాయని ఇద్దరూ మొదటిసారి ఒక్క మాట మీదికి వస్తే, అలా రావాలన్న రూలు లేదని లెక్క వేసి చూపించి ఇద్దర్నీ మళ్లీ విడదీశాడు.

చివరికి ఇద్దరూ కలిసే షాపుకొచ్చారు.

"అసలు మీరే పార్టీ? తేల్చి చెప్పండి!"

"దూరం చూపు, దగ్గర చూపు రెండూ చూసేవాణ్ణి. నాకు పార్టీ ఏంటండీ?" అన్నాడు ఆయన, ప్రెస్సాయన కళ్లద్దం లాక్కుని తుడుస్తూ. "ఇంత మురికి పట్టించుకుని తిరిగితే గోల్‌పోస్టు ఎలా కనిపిస్తుంది?"

ఈ చాదస్తం పుట్టడానికి ఒక కారణం ఉంది. పెళ్లికి ముందే, షాపు పెట్టిన కొత్తలో, అద్దాలు పెడితే చూపు ఇంకా మందగిస్తుందని ఎవరో చెప్పిన మాట నమ్మి, ఒక తండ్రి తన కూతురికి ఐదేళ్లు అద్దాలు కొనలేదు. చివరికి ఆ పిల్లకి అద్దాలు పెడితే షాపు గుమ్మంలో నిలబడి, ఎదుటి చెట్టుకి ఆకులు విడివిడిగా ఉంటాయా అని అడిగింది. ఆ రోజు నుంచి ఆయనకి అబద్ధమంటే ఒళ్లు మంట. "ఎవరికీ నష్టం లేని అబద్ధం అంటూ ఉండదు, ఎవరో ఒకరి కంటికి అడ్డం పడుతుంది" అంటాడు.

పోనీ ఊళ్లోవాళ్ల మీదేనా ఈ అపనమ్మకం అంటే, తన మీద తనకీ నమ్మకం లేదు. ప్రతిదీ కొలిచి చూస్తాడు. చొక్కా గుడ్డ కొంటే పగలంతా ఆకుపచ్చ బకెట్లో నానబెట్టి, రాత్రంతా ఫ్యాన్ కింద ఆరేసి, ఎంత కురచయిందో టేపు పెట్టి చూసి, షాపు గోడ మీది క్యాలెండర్లో ఆ తేదీ గడిలో రాసుకుంటాడు. "మీకు గుడ్డ కావాలా, దాని జాతకం కావాలా?" అని భార్య ఎత్తిపొడుస్తూనే ఉంటుంది.

ఇలా సాగిపోతున్న కాపురంలో టైలరమ్మ గొడవ వచ్చిపడింది.

టైలరమ్మది పక్క షాపే. రోజూ నాలుగింటికి మిషన్ ఆపి, మెడలో టేపుతోనే వచ్చి, కౌంటర్ దగ్గర టీ తాగి వెళ్తుంది. ఆయన భార్యకి ప్రాణ స్నేహితురాలు. ఇద్దరూ వదినా వదినా అని పిలుచుకుంటారు. తక్కువ మాటల మనిషి. గ్రూపులో ఏనాడూ ఏదీ పెట్టి ఎరగదు. ఒక రోజు ధైర్యం చేసి, మనం మెదడులో పదోవంతే వాడుతున్నామని, మిగతాది మేలుకొలపాలని ఒక మెసేజ్ పెట్టింది. కింద గులాబీ పువ్వు కూడా పెట్టింది.

నుదుటి అద్దాలు దిగాయి. 'చిన్న సవరణ. మెదడు దాదాపు అంతా వాడకంలోనే ఉంటుంది, నిద్రలో కూడా.' అక్కడితో ఆగితే బాగుండేది. దాని వెనకే సెలూన్ ఆయన, 'టైలరమ్మ తన మెదడు సంగతి చెప్పి ఉంటారు లెండి' అని చమత్కరించాడు. ముప్ఫైమంది పళ్లికిలించిన బొమ్మలు పెట్టారు. ఆ బొమ్మల కింద చిన్న అక్షరాల్లో, టైలరమ్మ గ్రూపులోంచి వెళ్లిపోయినట్టు వచ్చింది.

ఆ రోజు నాలుగింటికి టీ చల్లారిపోయింది. మర్నాడూ అంతే. వారం గడిచింది. పక్క గోడ అవతల మిషన్ చప్పుడు వినబడుతోంది కానీ మనిషి రావడం లేదు. భార్యే వెళ్తే, "పని ఎక్కువగా ఉంది వదినా, నాలాంటి చదువులేనిదానితో మీకెందుకు?" అని తలెత్తకుండా అంది. ఆవిడ టీ గ్లాసు అలాగే పట్టుకుని వెనక్కి వచ్చింది.

"వెళ్లి సారీ చెప్పండి."

"దేనికి? నేను రాసింది నిజమేగా!"

"నిజమే. కానీ ఆ నవ్వులు మీ నిజం వెనకాలే వచ్చాయి."

"అయితే మెదడు పదోవంతే పనిచేస్తుందని ఒప్పుకోమంటావా? నా వల్ల కాదు."

"మెదడు సంగతి నాకు తెలీదు. నాలుగింటికి నా పక్కన కూర్చునే మనిషి లేదు. అది మీవల్ల అవుతుందో కాదో చూడండి" అని ఆవిడ టీ గ్లాసు ఠక్కున కౌంటర్ మీద పెట్టింది.

ఆయన చెప్పులేసుకున్నాడు. ముందు సెలూన్‌కి వెళ్లి, "చిన్న సవరణ. వేళాకోళం చెయ్యాలంటే నన్ను చెయ్యాలి, ఆవిణ్ణి కాదు" అని చెప్పొచ్చాడు. సెలూన్ ఆయన నాలుక కరుచుకున్నాడు కానీ, క్షమించమని అడగడానికి గ్రూపులో టైలరమ్మ ఉంటేగా! తర్వాత రెండు రోజులు ఆయన ఎవర్నీ సవరించలేదు. సూర్యుడు భూమి చుట్టూ తిరుగుతాడని ఎవరైనా పెట్టినా ఊరుకునేలా కనిపించాడు. భార్యకి భయం వేసి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. జ్వరం లేదు.

మూడో రోజు పొద్దున గ్రూపులో ఆయన పేరుతో ఒక మెసేజ్ వచ్చింది. 'ఒక అపోహ. కొత్త నూలు గుడ్డని కుట్టించే ముందు నీళ్లలో తడపాలంటారు. అనవసరం. గుడ్డ కురచయ్యేది నామమాత్రం. టైలర్లు అలవాటుకొద్దీ చెప్పే మాట ఇది.'

చిన్న సవరణ గారు చెప్పాక ఇక తిరుగేముంది? పన్నెండేళ్లలో ఒక్క తప్పు రాయని మనిషి. మధ్యాహ్నానికల్లా ముగ్గురు ఆడవాళ్లు పెళపెళలాడే కొత్త గుడ్డలతో టైలరమ్మ షాపులో వాలారు. తడపరట. కళ్లద్దాలాయన రాశాడట.

సరిగ్గా నాలుగింటికి, ఇంకా మిషన్ చప్పుడు పూర్తిగా ఆగకముందే, టైలరమ్మ గుమ్మంలో ఉంది. మెడలో టేపు, చేతిలో సుద్దముక్క, ముఖం ఎర్రగా.

"ఏంటన్నయ్యగారూ ఇది? తడపక్కర్లేదా? ఎవరు చెప్పారు మీకు?"

"ఎక్కడో చదివానమ్మా."

"చదివితే కాదు, తడిపితే తెలుస్తుంది! మగ్గం మీద దారాన్ని లాగి పట్టి నేస్తారు. నీళ్లు తగిలితే ఆ బిగువు వదిలి గుడ్డ దగ్గరికి లాక్కుంటుంది. కుట్టాక తడిస్తే కాలరు పీక నొక్కేస్తుంది. అప్పుడు నన్ను తిడతారు, మిమ్మల్ని కాదు!"

"అలాగా!" అన్నాడు ఆయన, నోరు తెరిచి. "మరి నాకు ఒక్కడికి చెప్తే ఏం లాభం? నూట పదిమంది చదివారు. అక్కడ చెప్పు."

"నేనా గ్రూపులో లేనుగా!"

ఆ మాట పూర్తయ్యేలోపు, గ్రూపు అడ్మిన్ అయిన ఆయన భార్య బొటనవేలు టైలరమ్మని మళ్లీ చేరుస్తూ ఫోను మీద రెండుసార్లు కదిలింది. టైలరమ్మ ఫోను టింగుమంది. ఆవిడ ఫోను వంక, వదిన వంక చూసి, గొంతు సవరించుకుని నోటి దగ్గర పెట్టుకుంది.

"చిన్న సవరణ" అని మొదలుపెట్టింది.

నాలుగు నిమిషాలు మాట్లాడింది. మగ్గం, దారం, నీళ్లు, కాలరు, జేబు, పాతికేళ్ల అనుభవం, అన్నీ వచ్చాయి. ఎక్కడా తడబడలేదు. వీధి మొత్తం ఊపిరి బిగబట్టి చిన్న సవరణ గారి జవాబు కోసం చూసింది. ఆయన నుదుటి అద్దాలు దించుకుని, ఒక్కో అక్షరం నొక్కి రాశాడు: 'పొరపాటు నాది. టైలరమ్మ చెప్పిందే నిజం.'

గ్రూపు దద్దరిల్లింది. ప్రెస్సాయన, మందుల షాపాయన ఒకేసారి చప్పట్లు కొట్టారు. పన్నెండేళ్ల బాకీ తీరిందని ఒకరంటే, ఈ రోజుని వీధికి సెలవుగా ప్రకటించాలని ఇంకొకరన్నారు. సెలూన్ ఆయన అందరి ముందూ రాశాడు: 'టైలరమ్మ గారి మెదడు మొత్తం పనిచేస్తోందని రుజువైంది. పనిచెయ్యనిది నాదే. క్షమించండి.' టైలరమ్మ అది మూడుసార్లు చదువుకుని, టీ గ్లాసు అందుకుని, చక్కెర తక్కువైందని వదినని దెప్పింది.

మర్నాడు నాలుగింటికి కాస్త ముందు, ఆయన భార్య కౌంటర్ తుడుస్తూ అడిగింది.

"పాపం, మీకు నిజంగానే తెలీదా?"

"తెలీదు. మనిషన్నాక పొరపాటు జరగదా?" అన్నాడు ఆయన, ఎవరి అద్దానికో మర బిగిస్తూ.

అవునవును అంటూ ఆవిడ తల తిప్పేసరికి గోడ మీది క్యాలెండర్ కనిపించింది. నిన్నటి తేదీ గడిలో, చీమల్లాంటి అక్షరాలతో రాసి ఉంది: నీలం గుడ్డ, ఏడు సెంటీమీటర్లు తగ్గింది. ఆవిడకి నిన్న పొద్దున పెరట్లో తిరగేసి ఉన్న ఆకుపచ్చ బకెట్ గుర్తొచ్చింది. పొద్దున గుడ్డ కొలిచి, ఇక్కడ నిజం రాసుకుని, అదే పెన్ను జేబులో పెట్టుకుని గ్రూపులో అబద్ధం రాశాడన్నమాట. వీధంతా నమ్ముతుందని తెలిసి, తనని తిట్టే మనిషి నాలుగింటికల్లా వస్తుందని తెలిసి. ఇరవై ఆరేళ్ల కిందటి ఉత్తరంలో రెండో వాక్యం రాసిన మనిషి ఇతనే.

'చిన్న సవరణ' అనే మాట ఆవిడ నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో పక్క షాపులో మిషన్ ఆగింది. చెప్పుల చప్పుడు. ఆవిడ ఒక్క అంగలో గోడ దగ్గరికి వెళ్లి క్యాలెండర్ కాగితం ఎత్తి, వచ్చే నెల పైకి తిప్పేసింది.

నుదుటి అద్దాలు చటుక్కున దిగాయి.

"చిన్న సవరణ. ఈ నెల ఇంకా తొమ్మిది రోజులుంది."

ఆవిడ ఆయన వంక చూసింది. ఆ చూపేమిటో ఆయనకి అర్థమైంది. పెళ్లయిన తర్వాత మొట్టమొదటిసారి, దించిన అద్దాలు మళ్లీ పైకి తోసుకుని, కిక్కురుమనకుండా మర బిగించుకున్నాడు.

"అదేంటి వదినా, అప్పుడే నెల మార్చేశావు?" అంది టైలరమ్మ లోపలికి వస్తూ.

"పొరపాటైంది వదినా" అంది ఆవిడ టీ గ్లాసు అందిస్తూ. "ఏంటో, ఈ మధ్య మా ఇద్దరికీ పొరపాట్లు ఎక్కువైపోయాయి."