ఎడమచేతి చూపుడువేలు

జిప్పోరాకి పుట్టుకతోనే చూపు లేదు. ఆరేళ్లప్పుడు మెదక్ నుంచి హాస్టల్‌కి వచ్చి బ్రెయిలీ నేర్చుకుంది. ఇరవై రెండేళ్లుగా నాంపల్లిలో ఒక అంధుల బడిలో ఒకటో తరగతికి అదే నేర్పుతోంది. పిల్లలు పొడిచిన చుక్కల్ని ఎడమచేతి చూపుడువేలితో ఒక్కసారి తడిమి, తప్పెక్కడుందో చెప్పేస్తుంది.

నిరుడు రొమ్ములో గడ్డ క్యాన్సరని తేలింది. రొమ్ము తీసేయాలన్నప్పుడు ఆమె రెండో మాట అడగలేదు. ఆపరేషన్, మొదటి విడత కీమో అయ్యాక, అబిడ్స్ ఆసుపత్రిలో డాక్టర్ నర్మద రెండో మందు సంగతి చెప్పినప్పుడు మాత్రం కుర్చీలో బిగుసుకుపోయింది.

"వారానికొకటి, పన్నెండు వారాలు. వేళ్లు తిమ్మిరెక్కవచ్చు. చాలామందికి కొన్ని నెలల్లో తగ్గుతుంది. కొందరికి ఏళ్లతరబడి ఉండిపోతుంది."

"నేను ఎవరిలో ఉంటనో ముందే తెల్వదా, మేడం?"

"తెలియదమ్మా."

"వద్దంటే?"

"జబ్బు తిరగబెట్టే అవకాశం కొంత పెరుగుతుంది. చంకలోకి కూడా పాకింది కదా."

ఆటోలో భర్త హెర్బర్ట్ అన్నాడు, "నువ్వుంటే చాలు. ఫోన్ చదివి వినిపిస్తది గద."

"రేపటిసంది నువ్వు పేపర్ చూడకు. ఎవరన్న చదివితే విను. సరేనా?"



నాలుగు రోజులు నలిగి, ఒప్పుకుంది. తిమ్మిరి మొదలైతే చెప్పాలి, మందు ఆపాలి, అదీ షరతు. రోజూ పొద్దున ఒక పేజీ చదివి చూసుకునేది. ఎనిమిదో వారం ఒక వాక్యంలో 'కలం' ఉండాల్సిన చోట 'బలం' తగిలింది. రెండక్షరాలకూ రెండేసి చుక్కలే. 'క'లో వాటి మధ్య కాస్త ఎడం ఉంటుంది. ఆ ఎడం వేలికి అందలేదు.

ఎవరికీ చెప్పలేదు. వెళ్లి తొమ్మిదోదీ ఎక్కించుకుంది.

ఆ ఆదివారం చర్చికి తయారవుతూ జాకెట్టు హుక్కులు పెట్టుకోలేకపోయింది. హెర్బర్ట్ చూశాడు.

"ఎన్నిరోజులైంది?"

"చెప్తే ఆపేస్తరు. ఆపితే మల్ల వస్తదేమోనని."

మర్నాడు సంగతి విని నర్మద మందు ఆపేసింది.

ఎనిమిది నెలలైంది. ఎడమ చూపుడువేలి తిమ్మిరి పోలేదు. కుడిచేతి వేలు కొంత కోలుకుంది గానీ అది చదవడానికి అలవాటు పడిన వేలు కాదు. మూడు పేజీలు చదివే సమయంలో ఇప్పుడు ఒక్కటి అవుతోంది. ఒకటో తరగతి వదులుకుని, పెద్ద పిల్లలకు నోటితో సోషల్ పాఠాలు చెబుతోంది. మూడు నెలలకోసారి పరీక్షలు. ఇప్పటికైతే జబ్బు జాడ లేదు. మిగిలిన మూడూ వేయించుకోవాల్సిందా, ఆ తొమ్మిదోది మానాల్సిందా, దేనికి బాధపడాలో ఆమెకు తేలడం లేదు. ఒకసారి హెర్బర్ట్‌ని అడిగింది.

"నాకు తెల్వదు జిప్పోరా," అన్నాడతను.