చూపు నేర్పబోయిన రోజులు

మా పాప ఏడో నెలలో పుట్టింది. నెలకు పైగా ఆసుపత్రిలో అద్దాల పెట్టెలో ఉంచి, బతికించి మా చేతికిచ్చారు. అప్పుడు మేము కోరుకున్నది ప్రాణం ఒక్కటే. నాలుగు నెలలు నిండినా పాలు తాగుతూ నా ముఖం వైపు చూసేది కాదు. నెలలు నిండకుండా పుట్టిన పిల్ల, అన్నీ కాస్త ఆలస్యమవుతాయిలే అన్నారు మా అత్తగారు. నేనూ అలాగే సరిపెట్టుకున్నాను.

చివరికి విజయవాడ తీసుకెళ్లాం. కంటి డాక్టరు చాలాసేపు పరీక్షించి, "కళ్లకేం లోపం లేదమ్మా. కళ్లు చూసింది మెదడుకి అందట్లేదు," అన్నారు. దానికి మందూ లేదు, ఆపరేషనూ లేదట. పక్క గదిలో ఒకావిడ ఉన్నారు. ఇలాంటి పసిపిల్లల్ని ఇంట్లో ఎలా ఆడించాలో తల్లులకు నేర్పడం ఆవిడ పని. రోజూ ఆడిస్తే కొంతమంది పిల్లలకు మెల్లమెల్లగా చూడటం అలవాటవుతుందని చెప్పారు. ఆ కొంతమందిలో మా పాప ఉంటుందని నేను ఆ కుర్చీలోనే నిశ్చయించేసుకున్నాను.

పాప పుట్టకముందు నేను బెంజ్ సర్కిల్ దగ్గర ఒక మ్యాచింగ్ సెంటర్లో పనిచేసేదాన్ని. ఎవరైనా చీర తెచ్చి బల్ల మీద పెడితే, దానికి సరిపోయే జాకెట్టు గుడ్డ ఏ అరలో ఉందో తలెత్తకుండా చెప్పేదాన్ని. రంగులతో ఇన్నేళ్లు బతికినదాన్ని, నా కూతురికి ఒక్క రంగు చూపించలేనా అనుకున్నాను.

కంకిపాడులో మా ఇంటి వెనక గదిని ఈ ఆటల కోసం ఖాళీ చేశాం. పగటిపూటే కిటికీలు మూసి, గోడకు నల్లగుడ్డ కట్టాను. దాని ముందు ఒకసారికి ఒక్క వస్తువే చూపించాలి. ఎర్ర రిబ్బను ఉండ, పసుపు గుడ్డ, తళతళలాడే కాగితం చుట్టిన పళ్లెం. ముఖానికి జానెడు దూరంలో మెల్లగా కదిపి ఆగాలి. మాట్లాడకూడదు. మాట్లాడితే పిల్ల ధ్యాస శబ్దం మీదికి పోతుందట. మా ఆయన అట్టముక్కల మీద నల్లచారలు గీసి ఇచ్చారు. పాప ఆ వస్తువులన్నిటినీ దాటి ఎటో చూసేది.

ఎనిమిదో నెలలో ఒకరోజు మా అత్తగారు గదిలోంచి పరుగులాంటి నడకతో వచ్చారు. "చూసిందమ్మాయ్. నేను గుమ్మంలోకి రాగానే నా వైపు తిరిగి నవ్వింది," అన్నారు. నిజమే, మర్నాడు నేనూ చూశాను. ఆ మర్నాడు మా ఆయన ఫోనులో వీడియో తీసి, ఆఫీసులో అందరికీ చూపించి స్వీట్లు పంచి వచ్చారు.

నాలుగో రోజు నాకు అనుమానం వచ్చింది. అత్తగారి చేతుల నిండా మట్టిగాజులు. ఆవిడ అడుగు వేస్తే గలగలమంటాయి. మామగారు బతికుండగా గాజులు తీయమని అడగకూడదని నాకు తెలుసు. తెలిసే అడిగాను. ఆవిడ నా ముఖంలోకి ఒక్క క్షణం చూసి, పెరట్లోకి వెళ్లి సబ్బు రాసుకుని ఒక్కొక్కటే తీశారు. చెప్పులు లేకుండా వచ్చి పాప ఎదురుగా నిలబడ్డారు. నవ్వారు. చెయ్యి ఊపారు. వంగి ముఖం దగ్గరికి ముఖం తెచ్చారు.

పాప గోడవైపే చూస్తూ పిడికిలి చప్పరించుకుంటోంది.

అత్తగారు మంచం అంచున కూర్చుని గాజులు మళ్లీ తొడుక్కున్నారు. రెండోది ఎక్కించగానే పాప అటు తిరిగి నవ్వింది. ఆవిడ చేతులు ఆగిపోయాయి.

కాసేపటికి, "వాడికి ఇవాళే చెప్పకమ్మాయ్. ఇంకో వారం సంతోషంగా ఉండనీ," అన్నారు.

వారం కాదు, నేను సాయంత్రం దాకా కూడా ఆగలేకపోయాను. ఆఫీసుకే ఫోన్ చేసి చెప్పేశాను. ఆయన మీటింగ్ ఉందని పెట్టేశారు.

ఇప్పుడు పాపకు మూడో ఏడు. తలుపు తెరిస్తే వెలుతురుకు ఒక్కోసారి రెప్పలు ఆడిస్తుంది. అంతకుమించి ఏమీ రాలేదు, ఇక వస్తుందని డాక్టరూ అనడం లేదు. ఆటలు మాత్రం మానొద్దన్నారు. మానలేదు. అన్నం వండినట్టు, గుడ్డలు ఉతికినట్టు రోజూ ఆడిస్తాను. రిబ్బను కదుపుతూ ఆ వేళకు కూర ఏం చేయాలా అని ఆలోచిస్తుంటాను.

కిందటి నెల ఆసుపత్రి వరండాలో ఉయ్యూరు నుంచి వచ్చిన ఒకమ్మాయి నా పక్కన కూర్చుంది. ఒళ్లో అయిదు నెలల బాబు. బాబుదీ ఇదే సమస్యని వాళ్లకు ఆ ఉదయమే చెప్పారట. నా ఒళ్లో పాపను చూస్తూ, "ఈ ఆటలు మీ పాపకి పనిచేశాయా అండీ?" అని అడిగింది.

నల్లగుడ్డ మెరవనిది కొనుక్కోమన్నాను. పిల్లాడికి కడుపు నిండి ఉన్నప్పుడు, నిద్ర రాని వేళ చూసి ఆడించమన్నాను. ఆ అమ్మాయి అన్నీ శ్రద్ధగా ఫోనులో రాసుకుంది. ఇంకేమైనా ఉందా అన్నట్టు తలెత్తి చూసింది. అంతలో మా పాప పేరు పిలిచారు. నేను లేచాను.